పాతాళానికి వెళ్ళేముందు ఇంట్లో చెప్పాలి

క్రితం నెల ఈ శీర్షికలో సిడ్నీ ఎండల్లో వంకాయ మొక్కలు బతికించుకోవడం ఎలాగో రెండు పేజీలు రాసి, చివర్న ఒక్క వాక్యం చేర్చాను. "జనవరిలో న్యూజిలాండ్ వెళ్ళి ఒక లోతైన గుహలోకి తాడు మీద దిగి వచ్చాను, అందుకే మొక్కలకి నీళ్ళు మా ఆయన పోశారు" అని. వంకాయల గురించి ఒక్కరూ అడగలేదు. ఫోన్లన్నీ ఆ ఒక్క వాక్యానికే.

మెల్‌బోర్న్ నుంచి ఒకావిడ, "మేమూ జెనోలన్ గుహలు చూశామండీ, అలాంటిదేనా?" అన్నారు. ఆక్లండ్ నుంచి ఒక అమ్మాయి, "అక్కా, నేనూ రావచ్చా? ఎవర్ని అడగాలి?" అంది. పెర్త్‌లో ఉన్న మా పిన్ని మాత్రం వేరే ఏమీ అడగలేదు. "ఇంట్లో చెప్పే పోయినావా?" అంది. మూడు ప్రశ్నలకీ ఈ నెల జవాబు చెప్తాను. మూడోది అన్నిటికంటే కష్టం కాబట్టి చివరికి ఉంచుతాను.

ముందు మెల్‌బోర్న్ ఆవిడ ప్రశ్న. బొర్రా గుహలూ, బెలూం గుహలూ మనలో చాలామంది చూసినవే. మెట్లుంటాయి, లైట్లుంటాయి, గైడు టార్చి వేసి ఇది శివలింగం, అది ఏనుగు తొండం అని చూపిస్తాడు. నేను పుట్టి పెరిగింది నంద్యాల దగ్గర. బెలూం మాకు దూరం కాదు. అందులో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, గుహ ముఖద్వారం నుంచి 46 మీటర్ల కింద. చిన్నప్పుడు అదే ప్రపంచంలోకెల్లా లోతు అనుకునేదాన్ని.

ఇప్పటిదాకా మనుషులు దిగిన గుహల్లో అన్నిటికంటే లోతైనది జార్జియాలోని అబ్‌ఖాజియా ప్రాంతంలో ఉన్న వెర్యోవ్కినా. 2,200 మీటర్ల పైచిలుకు. అంటే మన పాతాళగంగలు దాదాపు 48 ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు. దాని పక్కనే ఉన్న క్రుబేరా గుహలో 2004లో మొదటిసారి మనుషులు 2,000 మీటర్లు దాటారు. అలాంటి చోట్ల మెట్లుండవు. నిట్టనిలువు బావుల్లాంటి దారులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గోడకి మేకులు దిగ్గొట్టి, తాళ్ళు కట్టుకుంటూ దిగాలి. అడుగుకి చేరాలంటే రోజులు పడుతుంది కాబట్టి లోపలే గుడారం వేసుకుని పడుకోవాలి. మళ్ళీ ఆ తాళ్ళన్నీ విప్పుకుంటూ పైకి రావాలి.

మరి ఆస్ట్రేలియాలో ఉన్నదాన్ని న్యూజిలాండ్ ఎందుకు వెళ్ళాను? ఇక్కడ గుహలకి కొదవ లేదు. లోతుకే కొదవ. టాస్మేనియాలోని జూనీ-ఫ్లోరెంటీన్ ప్రాంతంలో 2022 జులైలో డెల్టా వేరియంట్ అనే గుహ 401 మీటర్లతో దేశంలోకెల్లా లోతైనదిగా తేలింది. కోవిడ్ రోజుల్లో దొరికింది కాబట్టి ఆ పేరు. అంతకు ముందు మొదటి స్థానంలో ఉన్న నిగ్లీ గుహ దీనికంటే 4 మీటర్లే తక్కువ. అంటే ఈ దేశంలో ఎంత కష్టపడినా 400 మీటర్ల దగ్గర ఆగిపోతాం. వెయ్యి మీటర్లు చూడాలంటే సముద్రం దాటాల్సిందే. దగ్గర్లో ఉన్నది న్యూజిలాండ్ దక్షిణ దీవిలో మౌంట్ ఆర్థర్. అక్కడి ఎల్లిస్ బేసిన్ గుహ వెయ్యి మీటర్లు దాటింది. 2014లో స్టార్మీ పాట్, నెటిల్‌బెడ్ అనే రెండు గుహలు లోపల కలుస్తాయని తేలాక అది ఇంకా లోతైనదైంది. ఇటు పాపువా న్యూగినీ. నకనాయ్ కొండల్లోని మురుక్ గుహ దక్షిణార్ధగోళంలో వెయ్యి మీటర్లు దాటిన మొదటి గుహ. 1970లలో ఆస్ట్రేలియా వాళ్ళు అక్కడి ముల్లర్ కొండలకి వరసగా యాత్రలు చేశారు. 1978లో అటేయా కనండా గుహకి వెళ్ళిన పెద్ద యాత్రను నడిపించింది ఒక మహిళ, సిడ్నీ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రవేత్త జూలియా జేమ్స్. తర్వాత ఆవిడ అంతర్జాతీయ గుహాశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలు కూడా అయ్యారు. "ఇది మగవాళ్ళ పని కదండీ" అన్నవాళ్ళకి నేను ఈ ఒక్క పేరూ చెప్పి ఊరుకుంటాను.

ఇక ఆక్లండ్ అమ్మాయి ప్రశ్న, ఎవర్ని అడగాలి?

లోతైన గుహల యాత్రలు టూరిస్టు కంపెనీలు అమ్మే టిక్కెట్లు కావు. డబ్బు కడితే ఎవరూ తీసుకెళ్ళరు. ఇవి మన పెళ్ళి సంబంధాల్లాంటివి. రెండు వైపులా తెలిసినవాళ్ళు మధ్యలో ఉండి, "ఈ పిల్ల నాకు తెలుసు, మంచిది" అంటేనే కుదురుతాయి. ఆ మధ్యవర్తి మీ క్లబ్బు. కాబట్టి మొదటి మెట్టు విదేశం కాదు, మీ ఊళ్ళోని క్లబ్బు.

ఆస్ట్రేలియాలో క్లబ్బులన్నిటికీ పైన ఆస్ట్రేలియన్ స్పెలియోలాజికల్ ఫెడరేషన్ ఉంది, 1956 నుంచి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ దాని కింద క్లబ్బులున్నాయి. టాస్మేనియాలో 1946లోనే మొదలైంది ఈ సంప్రదాయం, సిడ్నీ విశ్వవిద్యాలయం క్లబ్బు 1948 నాటిది. న్యూజిలాండ్ వాళ్ళకి న్యూజిలాండ్ స్పెలియోలాజికల్ సొసైటీ ఉంది. విద్యార్థులు కానివాళ్ళని కూడా చేర్చుకునే క్లబ్బులు చాలా ఉన్నాయి. నేను చేరినప్పుడు నాకు 36 ఏళ్ళు, మా అమ్మాయికి 8. ఆ ఏడాది, 2018లో, థాయ్‌లాండ్ గుహలో చిక్కుకున్న పిల్లల్ని బయటికి తెచ్చినవాళ్ళలో ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు ఉన్నారు కదా, డాక్టర్ రిచర్డ్ హారిస్, పశువైద్యుడు క్రెయిగ్ చాలెన్. టీవీలో అది చూసి మా అమ్మాయి గుహ చూడాలని గొడవ చేస్తే జెనోలన్ తీసుకెళ్ళాను. అక్కడ గైడు వెనకాల నడుస్తూ, రెయిలింగ్ అవతల చీకట్లోకి పోతున్న దారి చూసి, "అటు ఏముంది?" అని అడిగింది నేను, మా అమ్మాయి కాదు. అంతకు ముందు ఏడాదే, 2017లో, ప్రపంచ గుహాశాస్త్ర మహాసభలు మా ఇంటికి అరగంట దూరంలో పెన్రిత్‌లో జరిగాయట. నాకు తెలియనే తెలియదు. ఆ వారమంతా నేను ఎవరి సీమంతానికో గాజులు వెతుకుతూ ఉండుంటాను.

క్లబ్బులో చేరగానే తాడు ఇవ్వరు. మొదటి ఏడాది మోకాళ్ళ మీద పాకడం, దారి గుర్తుపెట్టుకోవడం, గుహలో దేన్నీ పాడుచెయ్యకుండా నడవడం నేర్పుతారు. ఆ తర్వాత ఎస్సార్టీ, అంటే ఒకే తాడు మీద దిగి, అదే తాడు మీద ఎక్కే పద్ధతి. దిగడానికి ఒక పరికరం. ఎక్కడానికి రెండు, ఒకటి ఛాతీ దగ్గర, ఒకటి చేతిలో. చేతిలో దానికి పాదం పెట్టుకునే తాడు ఉంటుంది. నిలబడటం, కూర్చోవడం, నిలబడటం, కూర్చోవడం. గొంగళిపురుగు కొమ్మ ఎక్కినట్టే. తాడు రాతికి ఒరుసుకోకుండా మధ్య మధ్యలో దాన్ని మళ్ళీ గోడకి కడతారు. అక్కడ గాల్లో వేలాడుతూ పై తాడు వదిలి కింది తాడుకి మారాలి. నేను మొదట పార్కులో యూకలిప్టస్ చెట్టుకి వేలాడి నేర్చుకున్నాను. తర్వాత గోల్‌బర్న్ దగ్గర బంగోనియా గుహల్లో. అక్కడ కొన్ని గుహల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉంటుంది. ఊరికే ఆయాసం వస్తే వెనక్కి తిరగడమే, అటుపై మాట లేదు. వెనక్కి తిరగడం అనే విద్య నాకు మొదట నేర్పింది బంగోనియానే.

ఆ తర్వాత టాస్మేనియా. అక్కడి గుహల్లో నీళ్ళు, చలి, వరస బావులు అన్నీ ఉంటాయి. విదేశీ యాత్రకి అది ప్రవేశ పరీక్ష. అది అయ్యాక, మన క్లబ్బులో ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్తూనే ఉంటారు. వాళ్ళని అడగాలి. ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాల క్లబ్బులు ప్రతి వేసవి ఒకే చోటికి వెళ్తాయి. కేంబ్రిడ్జ్ వాళ్ళు 1976 నుంచి ఆస్ట్రియాకి, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు స్పెయిన్‌లోని పికోస్ కొండలకి, ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు స్లొవేనియాలోని మిగోవెత్స్ కొండకి. శిక్షణ ఉన్న బయటివాళ్ళకి కూడా ఇలాంటి యాత్రల్లో చోటు దొరుకుతూ ఉంటుంది. మెక్సికోలోని వావుత్లా గుహ 1,500 మీటర్లు దాటింది, అక్కడికి అనేక దేశాలవాళ్ళు కలిసి వెళ్తారు. తాళ్ళంటే భయం ఉన్నవాళ్ళకి మన మేఘాలయ ఉంది. 1992 నుంచి స్థానికులూ, విదేశీయులూ కలిసి ఫిబ్రవరిలో, వానలు లేని రోజుల్లో, అక్కడి గుహలు కొలుస్తున్నారు. అవి లోతు తక్కువ, పొడవు ఎక్కువ. క్రేమ్ లియాత్ ప్రా ఒక్కటే 30 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు అనుమతుల సంగతి బయల్దేరక ముందే కనుక్కోవాలి.

యాత్ర నాయకుడికి ఉత్తరం రాసేటప్పుడు గొప్పలు పోకండి. నేను పోయాను. మొదటిసారి ఒక బృందానికి "నాలుగేళ్ళ అనుభవం ఉంది" అని రాశాను. వాళ్ళు మర్యాదగా నాలుగు ప్రశ్నలు తిరిగి పంపారు. గుహలో ఏకబిగిన ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటలు ఉన్నారు? లోపల పడుకున్నారా? తాడుకి మధ్యలో ముడి ఉంటే దాటగలరా? స్పృహ తప్పిన తోటిమనిషిని తాడు మీద నుంచి కిందికి దింపగలరా? నిజం చెప్పాల్సి వచ్చింది. పదకొండు గంటలు, లేదు, దాటగలను, దింపలేను. వచ్చే ఏడాది రమ్మన్నారు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. తర్వాత అర్థమైంది. ఆ నాలుగో ప్రశ్న నా గురించి కాదు, నా పక్కన వేలాడే మనిషి గురించి. ఎవరు పడితే వాళ్ళని రమ్మనే బృందం కంటే, మనల్ని వద్దన్న బృందమే నమ్మదగ్గది. ఆ ఏడాదంతా అవి నేర్చుకుని మళ్ళీ రాశాను.

మీరూ వాళ్ళని ప్రశ్నలు అడగండి. వరద వస్తే ఏం చేస్తారు? ఫలానా టైముకి పైకి రాకపోతే ఎవరు ఎవరికి చెప్తారు? అక్కడి ప్రభుత్వ అనుమతి ఉందా? ఖర్చులెలా పంచుకుంటారు? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు తాళ్ళు కట్టుకుని దిగే గుహలకి వర్తించదని రాసి ఉంటుంది చాలావాటిలో, చిన్న అక్షరాల్లో. గుహ పేరూ, లోతూ చెప్పి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ప్రభుత్వం వెళ్ళొద్దన్న చోటికి వెళ్తే ఇన్సూరెన్సు ఉన్నా లేనట్టే లెక్క. అబ్‌ఖాజియా అలాంటిదే.

ఆడవాళ్ళం అడగడానికి మొహమాటపడేవి కూడా చెప్పేస్తాను. లోపల చేసినదేదైనా సంచిలో మూసి మళ్ళీ పైకి తేవాల్సిందే, గుహలో వదలకూడదు. నెలసరి రోజులైనా అంతే. తోటి ఆడవాళ్ళని ముందే అడిగితే ఎవరి పద్ధతి వాళ్ళు చెప్తారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. తిండి సంగతికొస్తే, శాకాహారులకి దిగులక్కర్లేదు. కరకరలాడేలా ఎండబెట్టిన జొన్నరొట్టెలు, నువ్వులపొడి, వేరుశనగ చిక్కీ, రవ్వ ముందే వేయించి కలిపిన ఉప్మా. మా సీమ తిండి గుహల కోసమే పుట్టిందేమో అనిపించింది.

ఇక మా పిన్ని ప్రశ్న. ఇంట్లో చెప్పే పోయినావా?

యాత్రకి ముందు ఒక కాగితం నింపమన్నారు. ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి అని మామూలు ప్రశ్నే. దాని కింద ఇంకొకటి ఉంది. "లోతులో దెబ్బ తగిలితే బయటికి తేవడానికి చాలా రోజులు పట్టవచ్చని మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా?" నేను అవునని టిక్కు పెట్టేసి, సంతకం పెట్టబోయి ఆగాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. తాళ్ళు చూపించాను, ఫొటోలు చూపించాను, ఇది మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన్నీ, అమ్మాయినీ కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పాను. 2014 జూన్‌లో జర్మనీలోని రీజెండింగ్ గుహలో దాదాపు వెయ్యి మీటర్ల లోతున యోహాన్ వెస్ట్‌హౌజర్ అనే ఆయన తల మీద రాయి పడింది. 700 మందికి పైగా పనిచేస్తే, 8వ తేదీన దెబ్బ తగిలిన మనిషి 19న బయటికి వచ్చాడు. 2023 సెప్టెంబరులో టర్కీలోని మోర్కా గుహలో, అదే లోతులో, మార్క్ డికీ అనే అమెరికన్‌కి పొట్టలో రక్తస్రావమైంది. హంగరీ డాక్టర్లు లోపలికి దిగి, అక్కడే రక్తం ఎక్కించి నిలబెట్టారు. ఎన్నో దేశాలవాళ్ళు కలిసి 12వ తేదీన పైకి తెచ్చారు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. ఇద్దరూ బతికారు.

మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వద్దని అనను. కానీ నువ్వు రాకపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఎన్ని గంటలు ఆగాలి? నాకా దేశంలో ఎవరూ తెలీదు" అన్నారు. ఆరేళ్ళుగా నేను తాళ్ళ గురించి నేర్చుకున్నాను, ఆయన గురించి ఆలోచించలేదు. ఆ రాత్రే కూర్చుని రాశాం. శిబిరం నాయకుడి నంబరు, పోలీసు నంబరు, ఇన్సూరెన్సు కాగితం, ఏ రోజు ఏ గంట దాటితే కంగారుపడాలి. ఫ్రిజ్ మీద అతికించాం. మా అమ్మాయి ఒక్కటే అడిగింది. "అమ్మా, నీకు భయమేస్తే తిరిగొచ్చేస్తావా, లేకపోతే వాళ్ళేమనుకుంటారో అని దిగుతావా?"

తిరిగొచ్చేస్తానన్నాను. మాట ఇవ్వడం తేలికే.

మౌంట్ ఆర్థర్ మీద నాలుగో రోజు నేనూ, 24 ఏళ్ళ ఇంకో అమ్మాయీ కింది శిబిరానికి దిగుతున్నాం. లోపల 5 డిగ్రీలు. ఒక బావిలో నీటి తుంపర మీద పడి తడిశాను. రెండు తాళ్ళ మధ్య మారే చోట నా వేళ్ళు కొక్కేన్ని తెరవలేకపోయాయి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎలాగో దాటాను. కింద ఆ అమ్మాయి నన్నేదో అడిగింది, జవాబు చెప్తే నా నాలుక మందంగా తిరిగింది. చలి ఒంట్లోకి వెళ్ళిందని ఇద్దరికీ అర్థమైంది. ఇంకొక్క బావి దిగితే శిబిరం, వెచ్చటి పక్క. కానీ ఆ బావి కూడా తడిదే. నేను తిరిగితే ఆమె కూడా తిరగాలి, ఒంటరిగా ఎవరూ తిరగకూడదు. రెండేళ్ళు డబ్బు కూడబెట్టుకుని వచ్చిన పిల్ల. వాళ్ళేమనుకుంటారో అన్న మాట అక్కడ నిజంగా గుర్తొచ్చింది. "వెనక్కి పోదాం" అని తెలుగులో అన్నాను. ఆమెకి అర్థమైపోయింది.

పొడి బట్టలు మార్చుకుని, చిక్కీ నమిలి, ఐదు గంటలు ఎక్కాం. పైకి వచ్చాక నేను ఏడ్చాను. ఆమె టీ పెట్టింది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేదాన్ని. నువ్వే చెప్పడం మంచిదైంది" అంది. మిగిలిన రోజుల్లో నేను మళ్ళీ లోతుకి దిగలేదు. పైన పప్పుచారు కాచాను, కియా చిలకలు ఎత్తుకుపోకుండా తాళ్ళు కాపలా కాశాను, కొత్తగా దొరికిన ఒక చిన్న గుహని కొలవడానికి ఒక చివర నేను నిలబడ్డాను. 38 మీటర్లు. ఆ పటంలో నా పేరు ఉంటుందట.

ఒక్క తప్పు మాత్రం దిద్దుకోలేదు. నంద్యాలలో ఉన్న అమ్మకి "కొండలు చూడ్డానికి పోతున్నా" అనే చెప్పాను. తిరిగొచ్చాక ఫోన్లో అంతా చెప్పి, తిట్లకి సిద్ధంగా కూర్చున్నాను. అమ్మ కాసేపాగి బెలూం సంగతి ఎత్తింది. 1982, 83లలో గెబౌర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి బెలూంలో దిగి, పటం గీశారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే వాళ్ళకి సాయం చేశారు. 3,229 మీటర్లని మనం ఇవాళ చెప్పుకునే కొలతకి పునాది ఆ పనే. నేనప్పటికి పసిపిల్లని. మేం ఆ బిలం వైపు పోతే కాళ్ళు విరగ్గొడతామనేవాళ్ళు పెద్దవాళ్ళు.

"ఆ తెల్లోళ్ళు అంత దూరం నుంచి వచ్చి మన బిలంలో దిగినారు గదా," అంది అమ్మ. "వాళ్ళమ్మలకి చెప్పే వచ్చింటారంటావా?"

"ఏమోమా."

"చెప్పే వచ్చింటార్లే. నువ్వే చెప్పల్యా."

అంతే. తిట్టలేదు. అది తిట్టు కంటే ఎక్కువ. వచ్చే ఏడాది అదే కొండకి మళ్ళీ రమ్మన్నారు. ఇంకా జవాబు రాయలేదు. ఈసారి ముందు నంద్యాలకి ఫోన్ చేసి, ఆ కాగితంలోని రెండో ప్రశ్న అమ్మకి తెలుగులో చదివి వినిపించి, అప్పుడు రాస్తాను.

వంకాయ మొక్కలు మా ఆయన చేతిలో బాగానే కాశాయి. ఆ రహస్యం వచ్చే నెల.